ఆ రోజు రక్తం ఆ రోజే తీయాలి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ డైరెక్టర్ జనరల్ గారికి, విమాన సిబ్బందికి వైద్యపరీక్షలు చేసే డాక్టర్లందరికీ

నమస్కారం.

"పురుగుల మందు తాగినవా అమ్మా?"

నల్లగొండలో ఒక ల్యాబులో రక్తం తీసే అబ్బాయి నన్ను అడిగిన మాట ఇది. గొంతు తగ్గించి, పక్కవాళ్లకు వినపడకుండా, జాలితోనే అడిగాడు. నా చేతిలోని చీటీ మీద డాక్టరు రాసింది కోలినెస్టరేజ్ పరీక్ష, పురుగుమందు ఒంట్లోకి పోతే రక్తంలో తగ్గిపోయే ఎంజైమును కొలిచేది. మా జిల్లాలో ఆ పేరు చూస్తే ఎవరికైనా గుర్తొచ్చేది పత్తి చేను, అప్పు, మందు డబ్బా. నా పక్కన కూర్చున్న అమ్మ ఆ మాట విని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఇంటికి చేరేదాకా వదల్లేదు. "లేదు తమ్ముడూ, విమానంలో పొగ పీల్చిన" అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఎలా అవుతుంది? ఆ చీటీ రాసిన డాక్టరుకే సగం అర్థమైంది.

మాది మర్రిగూడ మండలంలో చిన్న ఊరు. నాయినది మూడెకరాల పత్తి. నేను తొమ్మిదేళ్లు విమానాల్లో క్యాబిన్ సిబ్బందిగా పనిచేశాను. మా ఊరి నుంచి ఆ పనికి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. ఇప్పుడు ఆ పనిలో లేను. ఎందుకు లేనో చెబితే గానీ నేను అడగబోయేది మీకు పట్టదు, అందుకే ముందు అది చెబుతాను.

తెల్లవారుజామున శంషాబాద్ నుంచి బయల్దేరాల్సిన విమానం అది. తలుపులు వేశాక తోక వైపు నుంచి ఒక కంపు మొదలైంది. వారం రోజులు తడిసి మాగిన మేజోళ్ల కంపు అని మా వాళ్లంతా అంటారు, అంతకన్నా బాగా చెప్పడం నాకూ రాదు. గాల్లోకి లేచాక వెనక గ్యాలీలో, అంటే భోజనాలు సర్దే చోట, పలచటి మసక కనిపించింది. నాలుక మీద రూపాయి బిళ్ల పెట్టుకున్నట్టు ఇనుప రుచి. వేళ్ల చివర్లు చీమలు పాకినట్టు తిమ్మిరి. నాతో ఉన్న జూనియర్ అమ్మాయి భోజనం ట్రేలు లెక్కపెడుతూ పద్నాలుగు దగ్గర ఆగిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. అలా మూడుసార్లు. ఆ అమ్మాయి ముఖం నాకిప్పటికీ కళ్లలో ఉంది. గంటా ఇరవై నిమిషాల తర్వాత దిగాం. కెప్టెన్ టెక్నికల్ లాగ్‌లో "వాసన" అని రాశారు. తోకలో ఉండే చిన్న ఇంజిన్‌లో నూనె ఎక్కువ పోశారని తర్వాత ఇంజనీర్లు అనుకోగా విన్నాను.

కంపెనీ డాక్టరు బీపీ చూశారు, వేలికి ఆక్సీమీటర్ పెట్టారు. 98 చూపించింది. "అంతా బాగుంది, నిద్ర తక్కువైంది" అని పారాసిటమాల్ ఇచ్చారు. రక్తం తీయమని అడిగాను. "దేనికోసం తీయాలి? ఏ పరీక్ష రాయమంటావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఈ ఉత్తరం ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా వెతుక్కున్న జవాబు.

అయ్యా, మీకు తెలిసిన సంగతే అయినా ఇది చదివే మా జిల్లావాళ్ల కోసం చెబుతాను. ఇప్పుడు తిరుగుతున్న ప్రయాణికుల జెట్ విమానాల్లో చాలావాటికి లోపలి గాలి ఇంజిన్ నుంచే వస్తుంది. ఇంజిన్ ముందు భాగంలో ఒత్తిడికి గురైన వేడిగాలిని, ఇంధనం మండే చోటుకు చేరకముందే కొంత మళ్లించి, చల్లబరిచి మనుషులుండే చోటుకు పంపుతారు. బోయింగ్ 787 ఒక్కటి వేరు, దానికి విద్యుత్తుతో తిరిగే కంప్రెసర్లు బయటిగాలిని నేరుగా లాగుతాయి. మిగతావాటిలో ఇంజిన్ నూనెను ఆపే సీలు అరిగినా, నూనె మోతాదు మించినా, ఆ వేడికి నూనె ఆవిరై గాలితో కలుస్తుంది. క్యాబిన్‌లో హెపా ఫిల్టర్లు ఉంటాయని మాకు శిక్షణలో చెప్పారు. ఉంటాయి, లోపల తిరిగే గాలిలోని దుమ్మును, క్రిములను పడతాయి. ఆవిరిని, వాయువును పట్టవు.

ఆ నూనెలో ఇంజిన్ భాగాలు అరగకుండా ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అనే రసాయనం కలుపుతారు, సుమారు 3 శాతం. ఇది ఆర్గానోఫాస్ఫేట్. మా నాయిన పత్తికి కొట్టిన మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్‌ల కుటుంబమే. ఇంటికొచ్చి నాకేమైందో చెప్పినప్పుడు ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "గాలికి ఎదురుంగ మందు కొట్టిన దినం నాక్కూడ గిట్లనే అయితుండె బిడ్డా. నోరంత చేదు, తలకాయ దిమ్ము. జర పాలు తాగి పండుకో" అన్నాడు. తైవాన్ పంపు వీపున మోసిన మనిషికి డాక్టరు కంటే ముందు పోలిక దొరికింది.

రెండూ ఒకే విషమని నేను అనడం లేదు. పురుగుమందు వెంటనే పట్టుకుంటుంది. ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్‌లోని ఆర్థో రకం మెల్లగా, వారం నుంచి మూడు వారాల తర్వాత కాళ్ల నరాలను దెబ్బతీస్తుంది. ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. 1930లో అమెరికాలో అల్లం మందులో దాన్ని కల్తీ చేస్తే వేలాదిమంది కాళ్లు పడిపోయాయి. 1959లో మొరాకోలోని మెక్నెస్ ప్రాంతంలో సైనిక స్థావరం నుంచి అమ్మేసిన జెట్ ఇంజిన్ నూనెను వంటనూనెలో కలిపి అమ్మారు, దాదాపు 10,000 మంది పక్షవాతం పాలయ్యారు. మన దేశంలో 1988లో కలకత్తా బెహాలాలో ఆవనూనె కొనుక్కున్న వందలాదిమందికి అదే జరిగింది. వాళ్లు తిన్నది ఎక్కువ మోతాదు, మేం పీల్చేది చాలా తక్కువ. ఆ తేడా నాకు తెలుసు. ఎంత తక్కువ అన్నది మాత్రం మా ఒంట్లో ఎవరూ కొలవలేదు, నా బాధంతా అక్కడే.

మంగళవారం పొగ పీల్చాను. శుక్రవారం నల్లగొండలో రక్తం ఇచ్చాను. ఆ మూడు రోజుల్లో ఏం పోయిందో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. నూనె కాలితే కార్బన్ మోనాక్సైడ్ రావచ్చు. అది రక్తంలో హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది, మామూలు గాలి పీలుస్తుంటే నాలుగైదు గంటలకు సగానికి తగ్గిపోతుంది. ఆక్సిజన్ పెడితే ఇంకా తొందరగా, గంటా గంటన్నరకే. అంటే దిగిన వెంటనే తీయకపోతే ఆ సాక్ష్యం లేనట్టే. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌కు మోనాక్సైడ్ అంటుకున్న రక్తం, ఆక్సిజన్ అంటుకున్న రక్తం దాదాపు ఒకేలా కనపడతాయి. నాకు చూపించిన ఆ 98 నాకేమీ చెప్పలేదు, డాక్టరుకు మాత్రం ధైర్యం చెప్పింది.

ఇక కోలినెస్టరేజ్. నా రిపోర్టులో 6,100 యూనిట్లు. కింద అచ్చేసిన మామూలు పరిధి 5,000 నుంచి 12,000. నార్మల్ అని రాశారు. కానీ ఉద్యోగంలో చేరేనాటికి నాది 9,000 అయితే మూడో వంతు పోయినట్టు. మొదట్నుంచీ 6,100 అయితే ఏమీ పోనట్టు. రెండింటిలో ఏది నిజమో చెప్పడానికి దేవుడు కూడా దిగిరావాల్సిన పని లేదు, నేను బాగున్న రోజుల్లో తీసిన ఒక్క రిపోర్టు ఉంటే చాలు. కాలిఫోర్నియాలో పురుగుమందులతో పనిచేసే కూలీలకు ఆ రిపోర్టు ఉంటుంది. 1974 నుంచి అక్కడ పని మొదలుపెట్టే ముందే రక్తం తీసి ఎవరి అంకె వాళ్లకు రాసిపెడతారు. తర్వాతి పరీక్షలో అది తన సొంత అంకెలో 80 శాతానికి పడితే పనిచేసే తీరును తనిఖీ చేస్తారు. ఎర్రకణాల్లోని ఎంజైము 70 శాతానికో, ప్లాస్మాలోది (కణాలు తీసేశాక మిగిలే రక్తద్రవంలోది) 60 శాతానికో పడితే మనిషిని ఆ పని నుంచి తప్పిస్తారు. మన దగ్గర మందు కొట్టే రైతుకూ అది లేదు, ఆ రైతు బిడ్డ ఎక్కిన విమానంలోనూ లేదు.

నా ఆ "నార్మల్" కాగితం కంపెనీ ఫైలులోకి వెళ్లింది. ఆర్నెల్ల తర్వాత మాటలు తడబడి, ప్రకటన మధ్యలో ఊరి పేరు మర్చిపోయి, మెట్లు దిగుతుంటే కాలు తేలిపోయి నేను వైద్య సెలవు అడిగినప్పుడు ఆ కాగితాన్నే నా ముందు పెట్టారు. "మీరే చేయించుకున్న పరీక్షలో ఏమీ లేదు కదా" అన్నారు. ఆలస్యంగా తీసిన రక్తం కంటే అసలు తీయని రక్తం నయమని అప్పుడనిపించింది. పని మానేశాను. నా జబ్బు ఆ పొగవల్లే వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. రాలేదని కంపెనీ మాత్రం ఆ ఒక్క కాగితం చూపించి చెప్పగలిగింది.

ఈ విషయంలో శాస్త్రవేత్తల్లో ఒక్క మాట లేదని నాకు తెలుసు. నాకు అనుకూలమైనవే ఏరి చెబితే ఈ ఉత్తరానికి విలువ ఉండదు కాబట్టి రెండు వైపులా చెబుతాను. 2011లో బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం వంద విమాన ప్రయాణాల్లో గాలి కొలిచి, హద్దు దాటిన విషాలేవీ కనపడలేదని చెప్పింది. ఆ వంద ప్రయాణాల్లో నిబంధన ప్రకారం ఫిర్యాదు రాయాల్సినంత పొగ ఘటన ఒక్కటీ జరగలేదు కూడా. 2013లో జర్మనీలో పొగ పీల్చామన్న సిబ్బంది మూత్రం మూడు వందలకు పైగా నమూనాల్లో వెతికితే ఆర్థో రకం ఆనవాళ్లు దొరకలేదు. అదే 2013లో అమెరికా డ్యూక్ విశ్వవిద్యాలయంలో మహమ్మద్ అబూ డోనియా బృందం 34 మంది విమాన సిబ్బంది రక్తంలో నరాల ప్రొటీన్ల మీద తిరగబడ్డ యాంటీబాడీలు ఎక్కువ ఉన్నాయని చూపింది. అవి నరం దెబ్బతిన్నదని చెబుతాయి, ఏం దెబ్బతీసిందో చెప్పవు.

నన్ను నిద్రపోనివ్వనిది 2011లోనే వచ్చిన ఇంకో పరిశోధన. అమెరికాలో లాక్‌రిడ్జ్, ఫర్లాంగ్ మొదలైనవాళ్లు పన్నెండు మంది విమాన ప్రయాణికుల రక్తం తీసి, ప్లాస్మాలోని బ్యుటిరిల్ కోలినెస్టరేజ్‌ను వేరుచేసి అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూశారు. ఆర్థో రకం ఒంట్లోకి వెళ్తే కాలేయంలో మారి ఈ ఎంజైముకు అతుక్కుని ఒక ముద్ర వదులుతుంది. పన్నెండు మందిలో ఆరుగురిలో ఆ ముద్ర కనపడింది. ఎవరికీ జబ్బు లక్షణాలు లేవు. దెబ్బతిన్న ఎంజైము 0.05 నుంచి 3 శాతం మాత్రమే. నెలల తర్వాత నలుగురిని మళ్లీ పరీక్షిస్తే ముద్ర పోయింది.

డాక్టర్లూ, ఈ అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వందలో మూడు పాళ్లు తగ్గితే నల్లగొండ ల్యాబులోని మామూలు యంత్రానికి తెలుస్తుందా? తెలియదు. మామూలు కోలినెస్టరేజ్ పరీక్ష మందు తాగినవాళ్లను కాపాడటానికి పుట్టింది, అక్కడ ఎంజైము సగానికి సగం పడిపోతుంది. గడ్డివాము బరువు తూచే కాటాతో పుస్తెలు తూచలేం. నాకు రాసిన పరీక్ష తప్పు కాదు, నాకు కావలసిన పరీక్ష మాత్రం అది కాదు. ఇంకొకటి, ఇప్పటి నూనెల్లో ఆర్థో రకాన్ని బాగా తగ్గించారు. కాబట్టి ఆ ఒక్క ముద్ర కోసమే వెతికి, లేదనగానే ఫైలు మూయడం కూడా సరికాదు. మిగతా రకాలు, నూనె కాలినప్పుడు పుట్టే వాటికి కూడా గుర్తులు వెతకాలి.

పరీక్ష ఇంకా పూర్తిగా తయారు కాలేదు, తయారయ్యాక చూద్దాం అంటారేమో. అలా అనొద్దు. పరీక్ష పదేళ్ల తర్వాత రానివ్వండి, రక్తం మాత్రం ఆ రోజుదే కావాలి. గడ్డకట్టించి దాచిన ప్లాస్మా పదేళ్లు ఆగుతుంది. నా ఒంట్లో తిరిగే ప్లాస్మా ఎంజైము రెండు వారాల్లోపే సగం కొత్తదైపోతుంది.

మా ప్రాంతానికి ఈ కథ తెలుసు. మా తాత నడుము వంగి, మెడ తిప్పలేక, ఊరంతా వాతమని అనుకుంటుండగానే పోయాడు. ఊళ్లో నీళ్ల రుచి బాగానే ఉండేది, కంటికి తేటగానే కనిపించేవి. ఎవరో సీసాలో పట్టుకెళ్లి కొలిచారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమన్న ఫ్లోరైడ్ దానికి ఎన్నో రెట్లు ఉందని అప్పుడు తేలింది. అంకె చేతికొచ్చాకే నాగ్‌పూర్ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టారు, దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని పేరు. అంకె చేతికొచ్చాకే కృష్ణా నీళ్లు అడగగలిగాం, ధర్నాలు చేయగలిగాం. అంతకుముందు మా తాతలు చెప్పుకున్న నొప్పులన్నీ ముసలితనం ఖాతాలో పడ్డాయి. మా నొప్పులు ఇప్పుడు ఒత్తిడి ఖాతాలో, నిద్రలేమి ఖాతాలో, ఆడపిల్లల బెంగ ఖాతాలో పడుతున్నాయి.

మంత్రి గారూ, మీరూ తెలుగువారే కాబట్టి ఇంగ్లిషు అర్జీల భాషలో కాకుండా మన మాటల్లోనే అడుగుతున్నాను. పైలట్లకూ క్యాబిన్ సిబ్బందికీ ఉద్యోగానికి ముందు వైద్యపరీక్ష ఎలాగూ చేస్తారు, చక్కెరకూ కొవ్వుకూ రక్తం ఎలాగూ తీస్తారు. అదే సూదితో ఇంకో గొట్టం తీయండి. ఎర్రకణాల కోలినెస్టరేజ్, ప్లాస్మా కోలినెస్టరేజ్ రెండూ చూసి, ఆ అంకెలు సిబ్బంది చేతికే ఇవ్వండి. మిగిలిన ప్లాస్మా దాచండి. ఈ ఖర్చు వందల్లో ఉంటుంది, లక్షల్లో కాదు.

పొగ లేదా నూనె కంపు అని లాగ్‌లో రాసిన ప్రతిసారీ, దిగిన విమానాశ్రయంలోని వైద్యకేంద్రంలోనే రెండు గంటల్లోపు రక్తం తీయడం తప్పనిసరి చేయండి. ఆక్సిజన్ పెట్టాల్సి వస్తే పెట్టండి, కానీ వీలైతే దానికి ముందే మోనాక్సైడ్ కోసం రక్తం తీయండి. మూత్రం కూడా. ప్లాస్మా వేరుచేసి మైనస్ 80 డిగ్రీల్లో ఉంచండి. ఆ గొట్టం మీద మనిషి పేరు ఒక్కటే ఉంటే చాలదు. ఏ విమానం, ఏ సమయం, ఏ నూనె వాడుతున్నారు, ఇంజనీర్లు తర్వాత ఏం కనుక్కున్నారు అన్నీ దానికి జతపడాలి. నా విమానంలో నూనె ఎక్కువ పోశారన్న మాట నేను గాలివాటంగా విన్నదే. ఇంజనీర్లు రాసిన కాగితం చూసే హక్కు నాకు లేదన్నారు. ఒంట్లోకి వెళ్లింది ఏమిటో తెలుసుకునే హక్కు ఆ ఒంటిది కాక ఇంకెవరిది?

ప్రయాణికులను మరిచిపోకండి. మేం ఫిర్యాదు రాయగలం. 23వ వరుసలో నిద్రపోతున్న గర్భిణికి ఆ కంపు ఏమిటో ఎవరూ చెప్పరు. అడిగినవాళ్లకైనా ఆ రెండు గంటల్లో రక్తం తీయాలి.

యంత్రాల కోసం విదేశాలకు పోనక్కర్లేదు. హైదరాబాద్ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో మాస్ స్పెక్ట్రోమీటర్లు ఉన్నాయి. బెంగళూరులో వైమానిక దళం వారి ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ, అహ్మదాబాద్‌లో వృత్తి ఆరోగ్య సంస్థ ఉన్నాయి. మా పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వాళ్లందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టే అధికారం మీది. మా చుట్టుపక్కల పత్తి రైతుల రక్తం కూడా అదే యంత్రంలో చూస్తే, మందు తాగినవాళ్లకు, మందు కొట్టినవాళ్లకు, నూనె పొగ పీల్చినవాళ్లకు తేడా ఏమిటో చెప్పగలిగే పరీక్ష ఇక్కడే పుడుతుంది. ఇది నా అత్యాశ అయితే అయింది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పొగ ఘటనల మీద శిక్షణ, నివేదికల గురించి 344వ సర్క్యులర్ ఇచ్చి పదేళ్లు దాటింది, అది 2015లో వచ్చింది. 2023లో కొందరు దేశదేశాల వైద్యులు, శాస్త్రవేత్తలు కలిసి, పొగ పీల్చినవాళ్లకు ఎప్పుడు ఏ పరీక్షలు చేయాలో ఒక పద్ధతి రాసి ప్రచురించారు. మన దగ్గర 1934 నాటి విమాన చట్టం పోయి భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త చట్టం కింద నియమాలు రాసేటప్పుడు ఈ రెండు గొట్టాల రక్తం గురించి ఒక పేరా రాయండి.

విమాన వైద్యులకు విడిగా ఒక మాట. మీలో చాలామంది మంచివాళ్లు, నన్ను చూసిన ఆయన కూడా కసురుకోలేదు. ఎవరైనా సిబ్బంది దిగొచ్చి తల తిరుగుతోంది, నోట్లో ఇనుప రుచి ఉంది అంటే, యాంగ్జయిటీ అని రాసే ముందు రక్తం తీయండి. మీ అనుమానం నిజమైతే ఆ రక్తమే మీ పక్షాన సాక్ష్యం చెబుతుంది.

మా చిన్నమ్మ బిడ్డకు పోయిన నెల క్యాబిన్ ఉద్యోగం వచ్చింది. వద్దని చెప్పలేదు. ఆకాశంలో పని అంటే ఆ పిల్ల కళ్లల్లో నాకు నా పద్దెనిమిదో ఏడు కనపడింది. శిక్షణకు పోయే ముందు వారం తేడాతో రెండుసార్లు దానికి రక్తపరీక్ష చేయించాను, రెండు రకాల కోలినెస్టరేజ్. నన్ను అడిగిన ఆ ల్యాబు అబ్బాయే తీశాడు, ఈసారి ఏమీ అడగలేదు. ఆ రెండు కాగితాలు నాయిన పట్టా పాసుపుస్తకం పెట్టుకునే రేకు పెట్టెలో ఉన్నాయి. ఆ పిల్లతోపాటు అదే రోజు శిక్షణలో చేరిన నలభై మందివి ఎక్కడా లేవు.

ఇట్లు,
ఒక మాజీ క్యాబిన్ ఉద్యోగిని
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా